ఆఖరి బంతి మేష్టారు

చంద్రరావు మేష్టారు జీవితంలో ఏ విందుకూ వేళకు వెళ్ళి ఎరగరు. రాజమహేంద్రవరం కాలేజీలో ముప్పై రెండేళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పి, ఒక్క క్లాసుకూ నిమిషం ఆలస్యం చేయని మనిషి, ఆకులు వేశారంటే చాలు మాయమైపోతారు. ఈ సంగతి ఆయన భార్య సూర్యకళకు పెళ్ళినాడే తెలిసింది. కొత్త పెళ్ళికూతురు ఆకలితో ఎదురుచూస్తుంటే, పెళ్ళికొడుకు మూడున్నరకు ఎక్కణ్ణుంచో చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు.

సాకులకు కొరత లేదు. స్కూటరు పంక్చరైంది, చెప్పు తెగింది. ఒకసారి మండపేట దాటాక రైలు గేటు పడిందన్నారు. అక్కణ్ణుంచి ఆమె పుట్టింటి ఊరికి వెళ్ళే దారిలో రైలు పట్టాలే లేవు. చుట్టాలు నవ్వుతుంటే సూర్యకళకు తల కొట్టేసినట్టుండేది. ఈ మనిషి ఇక బాగుపడడని ఎప్పుడో ఆశ వదిలేసుకుంది.

అయినా తమ్ముడు గంగాధర్ గృహప్రవేశానికి ఆఖరి ప్రయత్నం చేసింది. ఇంట్లో గడియారాలన్నీ, ఆయన చేతి గడియారంతో సహా, రెండు గంటలు ముందుకు తిప్పింది. ఆయన ఫోను తన సంచిలో దాచింది. పాపం మేష్టారు పదకొండున్నరకల్లా మొదటి బంతిలో చిక్కిపోయారు.

పులిహోర వచ్చింది, బూరెలు వచ్చాయి. ఆయన ముట్టలేదు. పొలం పనివాళ్ళ భోజనాలు ఎప్పుడని అడిగారు.

"ఆఖరి బంతి బావగారూ, వెనక కొట్టం దగ్గర. మన ఊరి పద్ధతి మీకు తెలియనిదా" అన్నాడు గంగాధర్.

మనుషులందరి హక్కులూ ఒకటేనని మేష్టారు మొదలుపెట్టారు. గంగాధర్ వినయంగా చేతులు కట్టుకున్నాడు. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్నాడు మరి.

"ఏ సమాజం పద్ధతినీ బయటి కొలతతో కొలవకూడదని మీరే చెప్పారు కదండీ. పరీక్షలో అదే రాస్తే ఇరవైకి పద్దెనిమిది మార్కులు వేశారు. వాళ్ళకీ ఇది అలవాటే, ఏమీ అనుకోరు."

"అడిగావా?"

"అడగడం పద్ధతి కాదండి."

మేష్టారి ముఖం పాలిపోయింది.

"దాని తర్వాతి పాఠం కూడా చెప్పాను. ఆ రోజు నువ్వు క్లాసుకు రాలేదు" అని, కడుపు బాగాలేదంటూ లేచిపోయారు.

సూర్యకళ ఏడుపు దిగమింగుకుని తన బంతిలో భోజనం ముగించింది. మూడు దాటాక ఆయన్ని వెతుక్కుంటూ కొట్టం దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆఖరి బంతిలో, నాట్లు వేసే వీరమ్మ పక్కన కూర్చుని, కడుపు బాగాలేని మేష్టారు మూడోసారి పప్పు వేయించుకుంటున్నారు.

"ఈ చుట్టుపక్కల ఏ భోజనాలైనా ఈయన మాతోనేనండి అమ్మగారూ" అంది వీరమ్మ. "మీ పెళ్ళికి మా అమ్మ పక్కన కూర్చున్నారంట. అల్లుడుగారు ఇక్కడుంటే నెయ్యి గిన్నె ఇటు రాక తప్పదు కదండి. ఈయన రాని రోజు మాకు అడుగంటిన పప్పేనండి."

ఇన్నేళ్ళూ తనకెందుకు చెప్పలేదని సూర్యకళ ఆయన్ని అడిగింది.

"చెబితే మీ వాళ్ళు నన్ను మొదటి బంతిలో కట్టేస్తారు" అన్నారాయన తల ఎత్తకుండా. "ముప్పై రెండేళ్ళు చెప్పాను సూర్యకళా. ఒక్క ఊళ్ళో ఒక్క బంతి మారలేదు. నా కళ్ళముందు మారుతుందన్న ఆశ కూడా లేదు. నా చదువంతా కలిపి ఇటు తేగలిగింది ఈ నెయ్యి గిన్నె."

సూర్యకళ చీర కుచ్చిళ్ళు సర్దుకుని వీరమ్మకు అవతలి పక్కన కూర్చుని, ఇంకో ఆకు వేయమంది. ఇంటి ఆడపడుచు కూడా కూర్చోవడం చూసి వడ్డనవాళ్ళు హడలిపోయి, లోపల దాచిన బూరెల బుట్ట పరుగున తెచ్చారు.

కడుపులో చోటు లేకపోయినా ఆమె రెండు తింది.

వచ్చేవారం గంగాధర్ కూతురి సీమంతం. ఇంటికి చేరగానే సూర్యకళ గడియారాలన్నీ నాలుగు గంటలు వెనక్కి తిప్పేసింది.