దులిపిన పువ్వులు

నా చిన్నప్పటి కార్తీకమాసాలు తలుచుకుంటే నాకు భక్తి కంటే ముందు కోపం వస్తుంది. శ్రీకాకుళంలో మా వీధి ఆడవాళ్లంతా తెల్లవారుజామునే లేచి నాగావళి ఒడ్డున ఉన్న పాత శివాలయానికి వెళ్లేవారు. గుడి వెనక పారిజాతం చెట్టు ఉండేది. పారిజాతాన్ని కొయ్యకూడదు, తనంత తానుగా రాలిన పువ్వులనే ఏరి దేవుడికి పెట్టాలి. ఈ నియమం పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ మన జనాన్ని మాత్రం ఎరగడు. మనవాళ్లు నియమం తప్పరు, దానికి సందు వెతుకుతారు.

ఆ ఏడు మా పక్కింటి పిన్ని కొడుక్కి జ్వరం పట్టుకుని ఎన్నాళ్లకీ వదల్లేదు. పిల్లాడు పుల్లలా అయిపోయాడు. మాసమంతా పారిజాతాల దండ వేస్తానని పిన్ని శివుడికి మొక్కుకుంది. నన్ను వెంటబెట్టుకుని చీకటితోనే బయల్దేరేది. ఏం లాభం? మా వీధిలో పెద్ద మేడ ఉన్న ఆవిడ మాకంటే ముందే వచ్చి, చెట్టు కింద దుప్పటి పరిపించి, పాలేరు చేత కొమ్మలు దులిపించేది. విచ్చినవీ విచ్చనివీ అన్నీ ఆవిడ దుప్పట్లోనే. ఎవరైనా అడిగితే, మేం కొయ్యలేదు, రాలాయి అనేది. ఎంత పుణ్యాత్మురాలో! తక్కిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ప్రదక్షిణాలు చేసుకునేవారు. ఆవిడతో పేరంటాలున్నాయి, ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి, మొహమాటం. పిన్ని ఖాళీ పూలసజ్జ పట్టుకుని గోడవారన ఏడ్చేది.

సంగతి నేను ఇంట్లో మా నాయనమ్మకు చెప్పాను. మర్నాడు నన్ను లేపి, అందరికంటే ముందు గుడికి తీసుకెళ్లింది. తన పాత కోక చెట్టు కింద పరిచి దాని మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాసేపటికి మేడ ఆవిడ వచ్చి లెమ్మంది. నాయనమ్మ కదిలితేనా!

"కొయ్యనేదు, రాలినాయి అంతన్నారు గదమ్మా. మరి నా కోకలో రాలినవి నాయే. దులిపించండి, సూద్దాం."

అప్పటికి వీధి ఆడవాళ్లందరూ వచ్చారు, అందరూ విన్నారు. పాలేరు కొమ్మ మీద వేసిన చెయ్యి తీసేసి తల పక్కకు తిప్పుకున్నాడు. ఇదేం చోద్యమమ్మా అని గొణుక్కుంటూ ఆవిడ వెళ్లిపోయింది, మళ్లీ దుప్పటి తేలేదు. పువ్వులు వాటంతటవి రాలేదాకా నాయనమ్మ అక్కడే కూర్చుని, అన్నీ పిన్ని సజ్జలో పోసింది. పిల్లాడు కోలుకున్నాడు. పూల వల్లో మందుల వల్లో నాకు తెలియదు. నీకు భయం వెయ్యలేదా అని దారిలో నాయనమ్మను అడిగాను.

"బయమేటే? అంతమందీ నోరు మూసుకుని ఊరుకున్నారు. అందుకు మండింది నాకు ఒళ్లు."

ఈ వసంతంలో మా అక్కాబావలతో కలిసి జపాన్ యాత్రకు వెళ్లాను. విజయనగరం నుంచి ఓ బస్సుకు సరిపడా మనుషులం. వందల ఏళ్లనాటి షింటో దేవుళ్ల గుడి ఒకటి చూపించారు. ఎర్రటి తోరణ ద్వారం దాటి, తొట్టి దగ్గర గరిటెతో నీళ్లు పోసుకుని చేతులు కడుక్కుని లోపలికి వెళితే ఎటు చూసినా చెర్రీ పూలే. అంత జనంలో ఒక్కరంటే ఒక్కరు చెట్టు మీద చెయ్యి వెయ్యలేదు. ఒక ముసలి చెట్టు కొమ్మ మాత్రం బాగా కిందికి వాలిపోతే కర్రలు ఊతంగా పెట్టారు. ఆ కొమ్మ కోసం ఓ ముసలాయన భార్యను చక్రాల కుర్చీలో తోసుకొచ్చి వరసలో నిలబడ్డాడు. ఆవిడ మెడ వంగిపోయింది, తల పైకి ఎత్తలేకపోతోంది. అన్ని చెట్లలోనూ ఆవిడ చూడగలిగేది ఆ ఒక్క కొమ్మే.

వాళ్లకు ముందు మా బావ. అక్కను కొమ్మ కింద నిలబెట్టి, ఫోను నా చేతికిచ్చి, పూలవాన వీడియో తియ్యమని కొమ్మ పట్టుకుని ఊపేశాడు. జలజలా రాలాయి. మా బస్సువాళ్లు చప్పట్లు! సరిగా రాలేదు, ఇంకోసారి అంటూ బావ మళ్లీ కొమ్మ పట్టుకున్నాడు. ముసలాయన కుర్చీ పిడి బిగించి పట్టుకుని భార్య వైపు చూశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బావా, సెయ్యి తియ్యి!"

"ఏటే నీ గోల? నేనేటి కోసీసేనా? రెండ్రోజులాగితే అవే రాలిపోతాయి!"

"ఆ రెండ్రోజులూ నీయి కావు బావా. ఆ ముసలమ్మవి."

బావ చెయ్యి తీశాడు, ముఖం మాడ్చుకున్నాడు. నేను అక్కను రెక్క పట్టుకుని పక్కకు లాగి ముసలాయనకు దారి ఇచ్చాను. కొమ్మకు సగం పువ్వులు మిగిలాయి. ఆవిడ వాటికి దగ్గరగా ముఖం పెట్టి చాలాసేపు చూసింది. బస్సుకు ఆలస్యమవుతోందని మావాళ్లు సణిగారు. సణగనీ.

బావ ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు. పరాయి దేశంలో నలుగురిలో పరువు తీశానట. తీశాను, కాదన్నదెవరు? పెద్దవాడు, ఓసారి తప్పయిపోయిందని చెప్పెయ్యవే అని అక్క ఫోను చేస్తూనే ఉంది. చెప్పను గాక చెప్పను. ఆయన పెద్దవాడే. నాకు ఒళ్లు మండడం నేర్పిన మనిషి ఆయనకంటే పెద్దది.