పడవకు కలప ఏరిన మామయ్య

మొన్న సోమవారం మా మామయ్య పోయారు. ముందురోజు సాయంత్రం ఉప్పల్ నుంచి కూరగాయలు తెచ్చి, అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. నాచారంలో ఓ కంపెనీలో యంత్రాలు పంపే చెక్కపెట్టెలు చేసేవారాయన. రిటైరయ్యాక ఒకే ఒక్క పడవ చేశారు. దాని గురించి మీకు చెప్పాలి.

ఆ ఏడు మా ఆయన కుడిచేతి వేళ్లు రెండు ప్రెస్ మిషన్‌లో పోయాయి. గాయం మానినా ఆయన గది వదల్లేదు. ఆ చేతిని ఎప్పుడూ దుప్పటి కిందే ఉంచుకునేవారు. ఒకరోజు మామయ్య గుమ్మంలో నిలబడి, "లేవురా, కట్టె తెద్దాం. పడవ జేద్దాం" అన్నారు.

"పడవేంది నాయినా? నా చెయ్యి సూస్తలేవా?"

"సూస్తున్న. నిన్ను ఎత్తమంటలేను. పట్టి సూసి చెప్పు, సాలు."

వాళ్లతో నేనూ టింబర్ డిపోకు వెళ్లాను. గోదారి ఒడ్డున తన తండ్రి పడవలు చేయడం చిన్నప్పుడు చూశారట మామయ్య. పలకలకు టేకు చాలన్నారు. నీళ్లలో నానినా తొందరగా చెడదు. ప్రతి పలకనూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవారు. ముడి కనిపిస్తే పక్కన పెట్టేవారు.

"కట్టె మాట ఇన్నట్టు నా మాట ఏనాడన్న ఇన్నవా?" అనేది అత్తమ్మ, ఇంటికి తెచ్చిన పలకల్నీ ఆయన అలాగే కొట్టి వింటుంటే. ఆయన నవ్వి ఇంకో పలక అందుకునేవారు.

పలకల్ని లోపలినుంచి పక్కటెముకల్లా పట్టి ఉంచే వంకీలకు మాత్రం డిపోలో ఏదీ నచ్చలేదు. అన్నోజిగూడ దాటాక ఓ రైతు కొట్టేసిన తుమ్మచెట్టు దొరికింది. తిన్నని మొద్దు వదిలేసి వంకర కొమ్మలే ఏరారు.

"తిన్నని కట్టెను వంపుగ కోస్తే నార తెగుతది. చెట్టు మీదనే వంగిందైతే విరగది" అన్నారు.

తెడ్డు తేలికగా ఉండాలని గుమ్మడి టేకు అనే తేలికపాటి కలప తెచ్చారు. రెండు కర్రలు కొడుకు ముందుంచి, "ఏది?" అన్నారు. మా ఆయన కుడిచేతితోనే ఒక్కోటీ పట్టి ఊపి చూశారు.

"ఇది. పట్టు దొరుకుతున్నది."

మామయ్య ఆ కర్రనే తీసుకుని, ఆ చేతికి మిగిలిన వేళ్లు సరిగ్గా కూర్చునేలా పిడి చెక్కారు.

ఘట్‌కేసర్ అవతల, అత్తమ్మ పుట్టింటి ఊరి చెరువులో పడవ దించాం. మామయ్యకు ఈత రాదని అప్పుడే తెలిసింది నాకు.

"గట్లయితే ఎక్కకున్రి మామయ్యా!"

"నా కొడుకు నడుపుతుండు బిడ్డా. ఫికర్ జెయ్యకు."

అత్తమ్మా నేనూ ఒడ్డునే ఉండిపోయాం. మా ఆయన తెడ్డు వేస్తుంటే పడవ నెమ్మదిగా చెరువు నడుమకు సాగింది. ముందువైపున మామయ్య, చెప్పులు తడవకుండా ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా అటూ ఇటూ చూస్తున్నారు.