ఎర్ర మూత ఎటువైపు

టూరున్ ఎల్వింగ్ కుర్చీలో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవడం విశ్వవిద్యాలయంలోని ఆ అంతస్తులో ఎవరూ చూడలేదు. నలభై ఏడేళ్ళ మనిషి. పద్దెనిమిదేళ్ళు మున్సిపాలిటీ నీటి శుద్ధి కేంద్రంలో పనిచేసి, ఆ తర్వాత డాక్టరేట్‌కు చేరింది. కట్టేసిన వాల్వును మళ్ళీ వెళ్ళి చూసొచ్చే అలవాటు ఆమెతోపాటే పరిశోధనశాలకూ వచ్చింది. ఫ్రీజర్ తలుపు వేశాక మరోసారి లాగి చూసేది. తోటివాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ శుక్రవారం మాత్రం ఆమె కాలుగాలిన పిల్లిలా తిరగడానికి కారణం ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఆమె థీసిస్‌కు మేకు కొట్టాలి. మౌఖిక పరీక్షకు మూడు వారాల ముందు అచ్చు ప్రతిని అందరూ చూస్తుండగా హాల్లోని కొయ్యపలకకు కొట్టడం అక్కడి ఆచారం. ఆపైన దాన్ని ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా తప్పు పట్టొచ్చు. తొంభై ప్రతులు అచ్చయి బల్ల కింద పెట్టెల్లో ఉన్నాయి. ఐదో పేజీలో, థీసిస్‌లోని నాలుగు వ్యాసాల జాబితాలో, నాలుగో వ్యాసం పక్కన ‘జర్నల్‌కు పంపినది’ అని ఉంది. నిజానికి ఇంకా పంపలేదు. మూడింటిలోగా పంపితే ఆ మాట నిజమవుతుంది.

పేరు తెచ్చేది ఆ నాలుగో వ్యాసమే. చలికాలంలో మంచు తొలిచి, నాలుగు సరస్సుల అడుగు నుంచి గొట్టాలతో బురద తీసింది. గొట్టంలో కిందిది పాత బురద, పైది కొత్తది. మూడు సరస్సుల్లో పైకి వచ్చేకొద్దీ సీసం తగ్గింది. హారెన్ సరస్సులో పెరిగింది. అన్నీ బాగుపడుతుంటే ఇదొక్కటే ఎందుకు చెడుతోందన్నదే వ్యాసం.

పొద్దుటి నుంచి జర్నల్ వెబ్‌సైటు అడుగుతూనే ఉంది. రచయితల సమ్మతి పత్రం, సంపాదకుడికి ఉత్తరం, బొమ్మలు విడివిడిగా. అన్నీ ఇచ్చాక, గొట్టాల అసలు ఫొటోలు కావాలంది.

పదింటికి మైకెన్ తలుపు దగ్గర నిలబడింది. ఇరవయ్యేళ్ళుగా ఆ పరిశోధనశాలను నడుపుతున్న మనిషి. ఆమె కాఫీకి పిలిస్తే ప్రొఫెసర్లయినా లేవాల్సిందే.

“లేవవే తల్లీ, కాఫీ. నీ బురద ఎక్కడికీ పారిపోదులే.”

“నాలుగు ఫొటోలు పెట్టేసి వస్తా.”

“ఊరందరికీ నీళ్ళు వదిలినదానివి, ఒక్క బటన్ నొక్కడానికి ఇంత వణుకా?”

టూరున్ నవ్వబోయి ఆగింది. తెర మీద నాలుగో ఫొటో. ప్రతి గొట్టానికీ పై కొసన ఎర్ర మూత, కింది కొసన నల్ల మూత. పక్కనే పైనుంచి లోతు కొలిచే స్కేలు. మూడు ఫొటోల్లో సున్నా ఎర్ర మూత దగ్గరుంది. హారెన్ ఫొటోలో నల్ల మూత దగ్గరుంది.

హారెన్ గొట్టం కోసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజూ మైకెన్ ఇలాగే పిలిచింది. గొట్టాన్ని బల్ల మీద పడుకోబెట్టి, చేతులు తుడుచుకుని కాఫీకి వెళ్ళింది. తిరిగొచ్చి బల్లకు అవతలి పక్కన కూర్చుని, అదే పై కొస అనుకుని ఎడమ నుంచి ముక్కలు కోసి వరసగా అంకెలు వేసింది. హారెన్ చెడడం లేదు. మిగతా మూడింటిలాగే బాగుపడుతోంది. తలకిందులైంది తన లెక్క.

రెండుసార్లు చూసింది. మూడోసారి చూసింది. ఆ తర్వాత తన గైడు ప్రొఫెసర్ సిక్స్‌టెన్ గదిలోకి వెళ్ళి కూర్చోకుండానే చెప్పింది.

ఆయన గడ్డం గోక్కున్నాడు. “ఇప్పటికి పంపెయ్ టూరున్. సమీక్షకులు చదవడానికి ఎలాగూ మూడు నెలలు. అప్పుడు దిద్దుదాం.”

“ఈలోపు?”

“ఈలోపు నువ్వు డాక్టరువి.”

టూరున్ కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చింది. “నీళ్ళు పాడయ్యాయని తెలిశాక, తాగినవాళ్ళు వచ్చి చెప్పేదాకా మేం ఆగేవాళ్ళం కాదు సిక్స్‌టెన్.”

“పరీక్షలో నిన్ను ఏకేస్తారు.”

“ఏకనీ. మిగతా మూడు వ్యాసాలున్నాయిగా.”

“ఆ మూడూ చాలవంటే?”

 టూరున్ చేతిలోని పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడింది. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని అన్నాడు:

“ప్రతుల్లో అతికించే తప్పొప్పుల చీటీలో నా పేరూ రాయి. హారెన్ గ్రాఫులో పైకి పోయిన ఆ గీత చూసి ఎగిరి గంతేసింది నేనే. ఒక్కసారైనా ఫొటో అడిగానా?”

మధ్యాహ్నం ఆ అంతస్తు మొత్తం కాఫీ బల్ల చుట్టూ చేరి చీటీలు అతికించింది. నాలుగో వ్యాసం పంపలేదు. హారెన్ గొట్టం తలకిందులుగా కోశారు. మూడో బొమ్మ, దాని మీది వాదన చెల్లవు. మూడే వాక్యాలు, కింద ఇద్దరి పేర్లూ. మొదట రాసిన నాలుగో వాక్యంలో క్షమాపణ ఉంది. ‘ఇదేమైనా ప్రేమలేఖా?’ అంటూ మైకెన్ కొట్టేసింది. టూరున్ అతికించిన ప్రతినల్లా తెరిచి, చీటీ సరైన పేజీలో ఉందో లేదో మళ్ళీ చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మూడింటికి హాల్లో పాతికమంది. వెనక వరసలో పరాయి విభాగం వాళ్ళిద్దరు అప్పుడే చీటీ చదువుతున్నారు. వాళ్ళ ముఖాలు చూడకూడదనుకుంటూనే టూరున్ చూసింది. మైకెన్ సుత్తి అందించింది.

“మేకుకి తల ఎటుందో చూసుకుని కొట్టు తల్లీ. నీ సంగతి తెలిసిందిగా.”

హాలు ఘొల్లున నవ్వింది. టూరున్ కూడా నవ్వింది. అయినా మేకును వేళ్ళ మధ్య తిప్పి ఒకసారి, పలకకు ఆనించి మరోసారి చూసుకుంది. అప్పుడు కొట్టింది.