ఎర్రగుడ్డలో రైలు చట్టం

ఆయుధపూజ నాడు పెట్టుకోవడానికి కత్తీ కొడవలీ మిగలని రోజుల్లో కూడా మా ఇంట్లో ఒక వస్తువుకు పూజ తప్పలేదు. అది ఎర్రగుడ్డలో చుట్టి, గుడ్డ అంచులు సూదితో కుట్టేసిన పలచని పుస్తకం. తెల్లదొరల ప్రభుత్వం అచ్చు వేయించిన చట్టం. ఎర్రగుంట్ల స్టేషన్ నుంచి పెన్న దాటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాకా రైలు మార్గం వేసుకోమని ఒక కంపెనీకి అనుమతి ఇస్తూ, ఆ రైలు మీద ఏ సరుకుకు ఎంత కిరాయి తీసుకోవచ్చో నిర్ణయిస్తూ చేసిన చట్టం.

మా నాన్న గుడ్డ మీదే పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. కుట్టు విప్పేవాడు కాదు. "మద్రాసుకు పోయి దొరల ముందర నిలబడి ఈ సీమకు రైలు అడిగినోడు మా తాత" అని ఏటా అదే మాట చెప్పేవాడు. కంపెనీ పని మొదలుపెట్టలేదు, చట్టంలో ఇచ్చిన గడువు దాటిపోయింది, రైలు రాలేదు. ఆ తప్పు దొరలదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మాది ఒకప్పుడు బండ్ల ఇల్లు. జమ్మలమడుగు పత్తి, ప్రొద్దుటూరు పత్తి ఎర్రగుంట్ల స్టేషన్‌కు చేరాలంటే మా ఎడ్లబండ్లే పెన్న ఇసుకలో దిగాలి. నేను పుట్టేసరికి బండ్లూ లేవు, చేలూ లేవు. కోర్టు వ్యాజ్యాల్లో కొన్ని, కరువుల్లో కొన్ని పోయాయి. నేను పులివెందులలో బాలికల పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. రెండు గదుల అద్దె ఇల్లు నాకు చాలు. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. మర్యాద లేని చోట కూర్చోలేదు. ఆ పుస్తకం మాత్రం నాతోనే ఉంది.

ఈ మధ్య కాలంలో ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ రైలు వచ్చింది. పులివెందులకు ఇంకా రాలేదు. మా ఊళ్ళో రైలు సాధన కమిటీ అని ఒకటి పెట్టారు. దాని అధ్యక్షుడు ఎరువుల అంగడి ఆయన. ఒక సాయంత్రం ఇంటికొచ్చాడు.

"మేడం, మీ పెద్దోళ్ళు ఆ కాలంలోనే రైలు చట్టం తెచ్చినోళ్ళంట గదా. ఆ బుక్కు మన మీటింగులో సూపిచ్చల్ల. దాంట్లో ఏముందో తెలుగులో నాలుగు ముక్కలు సెప్పల్ల. మీరే ముందర కూసోవల్ల. రైల్వే ఆఫీసుకు అర్జీ తీస్కపోయేటప్పుడు గూడా మీరే ముందర."

మా ఇంటివాళ్ళకు ఎవరైనా మొదటి కుర్చీ వేసి చాలా ఏళ్ళయింది. వస్తానన్నాను.

నాకు ఇంగ్లీషు వచ్చు గానీ చట్టం ఇంగ్లీషు వేరు. జమ్మలమడుగులో నా స్నేహితురాలు ఉంది. మా బడిలోనే ఇంగ్లీషు చెప్పింది. నా కంటే రెండేళ్ళు చిన్న. మిషన్ కాంపౌండు పక్క వీధిలో ఆమె ఇల్లు. వాళ్ళ ముత్తవ్వ మా చేలల్లో పత్తి ఏరేదని ఆమే నవ్వుతూ చెబుతుంది. నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని పొద్దున బస్సెక్కాను.

ఆమె బ్లేడు తీసుకుని కుట్టు విప్పుతూ, "ఏందక్కా ఇంత కుంకం! గుడ్డ గట్టిపడి అట్ట అయింది. మేమైతే బైబులు రోజూ సదువుతాం. మీరేమో పుస్తకానికి బొట్టు పెట్టి నోరు కుట్టి పెట్టినారు" అంది.

"చదవడానికి నువ్వున్నావు కదా. చదువు" అన్నాను.

చదివింది. మొదట కంపెనీ సంగతి, తర్వాత భూములు తీసుకునే పద్ధతి, పని ముగించాల్సిన గడువు. ఒక్కొక్క నిబంధన ఆమె చెబుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. చివర కిరాయిల పట్టిక వచ్చింది. పత్తి, ధాన్యం, ఉప్పు, నీలిమందు. మనుషులకు తరగతుల వారీగా. గుర్రానికి ఒకటి, పల్లకీకి ఒకటి.

"సూడక్కా, కుక్కక్కూడా కిరాయి పెట్నారు!" అని ఆమె పగలబడి నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపింది. "ఈ పక్కన పెన్సిలుతో తెలుగులో ఏందో ఉండాది. ఇది నువ్వు సదువు."

అంచుల్లో సన్నటి అక్షరాలు. చట్టంలో ఉన్న ప్రతి కిరాయికి ఎదురుగా మా బండి కిరాయి రాసి ఉంది. పత్తి దగ్గర పెన్సిలు గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది. పట్టిక కింద రెండు వాక్యాలు. "పెన్న మీద ఇది దాటితే మన బండ్లు దాటవు. ఇది రాకూడదు."

పుస్తకం వెనక అట్టలో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. బండ్లవాళ్ళంతా కలిసి రైలు వద్దని దొరలకు పెట్టిన అర్జీ నకలు. మొదటి సంతకం మా ముత్తాతది. మా ఇంటి పాత దస్తావేజుల మీద ఆ సంతకం నేను చాలాసార్లు చూశాను. పొరపాటు పడే అవకాశం లేదు. ఆయన మద్రాసు పోయిన మాట నిజమే. దొరల ముందర నిలబడిన మాట కూడా నిజమే. అడిగింది మాత్రం రైలును కాదు, రైలు వద్దని.

కాసేపటికి ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"నీకు ఇది ముందే తెలుసా?" అన్నాను.

"మా ఇంట్లో ఈ మాట ఉండాది లే అక్కా. మీ ఇంట్లో ల్యాదు, అంతే."

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదేం?"

"నువ్వు అడిగినావా? వీపు అంత నిటారుగా పెట్టుకోని కూసున్నోళ్ళకు ఎవురు సెప్తారు?" అని నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇప్పుడేమైంది? సూదీ దారం ఇస్తా, మళ్ళా కుట్టుకో. మీటింగులో పై అట్ట సూపిచ్చు. ఆ నిబంధనలు సదువు. పెన్సిలు గీతలు ఎవురు సూస్తారు? నీ కుర్చీ నీకుంటాది."

సూదీ దారం తీసుకోలేదు. వద్దని కూడా అనలేదు.

తిరుగు బస్సులో ముద్దనూరు దాటేదాకా నాకు మా నాన్న మీద కోపం వచ్చింది. తర్వాత ఆలోచన ముత్తాత వైపు మళ్ళింది. ఆయన దాచలేదు కదా. తనకు నష్టమని తెలుసుకున్నాడు, లెక్క రాసుకున్నాడు, వద్దని మొహం మీద చెప్పి అందరికంటే ముందు సంతకం పెట్టాడు. దాచి, కుట్టు వేసి, బొట్టు పెట్టింది తర్వాతి వాళ్ళం. ఆయన మునిమనవరాలినో, ఆ కుట్టు వేసినవాళ్ళ బిడ్డనో నేనే తేల్చుకోవాలి. సింహాద్రిపురం నుంచి వచ్చే అరటి లారీలు మా బస్సు కోసం పక్కకు తప్పుకుంటుండగా తేల్చుకున్నాను.

మీటింగు కల్యాణ మండపంలో, పొద్దున పది గంటలకు. అరటి రైతులు, చీనీ తోటల రైతులు, అంగళ్ళవాళ్ళు, మా బడివాళ్ళు వచ్చారు. మొదటి కుర్చీ నాదే. అధ్యక్షుడు నా గురించి చెప్పబోతుంటే వెనక నుంచి ఒకాయన లేచాడు. వేంపల్లె రోడ్డులో షేర్ ఆటోలు తోలేవాళ్ళకు పెద్ద. నెరిసిన మీసం, ఖాకీ చొక్కా.

"అంతా బాగనే ఉండాది గానీ, రైలొస్తే మా ఆటోలు యాడ తోలల్ల? యాంపల్లె రోడ్డు మీద మాకు దొరికేదే నాలుగు సీట్లు."

"నాలుగు గాదు మామా, పద్నాలుగు! నీ ఒళ్ళో గూడా ఒకన్ని కూసోబెట్టుకుంటావు" అని ఎవరో అన్నారు. మండపమంతా నవ్వింది.

ఆయన నవ్వలేదు. "నవ్వండప్పా, నవ్వండి. మేమంతా సంతకాలు పెట్టి రైలొద్దని అర్జీ ఇస్తాం."

"నువ్వు కూసో అప్పా, తర్వాత సూద్దాం" అని అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "రైలు విలువ తెల్సిన ఇల్లు మేడం గారిది. వాళ్ళ పెద్దలు ఆ కాలంలోనే ఈ సీమకు రైలు చట్టం తెచ్చినోళ్ళు..."

నేను లేచి పుస్తకం తెరిచాను.

"తెచ్చినవాళ్ళం కాదు. అడ్డుపడినవాళ్ళం" అన్నాను.

పెన్సిలు వాక్యాలు రెండూ చదివాను. అర్జీ నకలు చదివాను. మొదటి సంతకం ఎవరిదో చెప్పాను. అధ్యక్షుడు నా చెవి దగ్గరకు వంగి, "మేడం, ఇదంతా ఇప్పుడెందుకు?" అన్నాడు. "ఆయనకు జవాబు చెప్పాలి కదా" అని ఆటోల పెద్దను చూపించాను.

నలభై మంది పిల్లల ముందు ముప్పై ఏళ్ళు నిలబడిన గొంతు నాది. మైకు అవసరం రాలేదు.

"అయ్యా, మీరు పెడతానన్న అర్జీ మా ముత్తాత పెట్టాడు. అర్జీ గెలిచిందో, కంపెనీ దగ్గర దుడ్లు లేకపోయాయో నాకు తెలియదు. రైలైతే రాలేదు. మా బండ్లు ఇంకొన్నాళ్ళు తిరిగాయి. తర్వాత లారీలు వచ్చాయి. అవి మమ్మల్ని అడిగి రాలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక్క బండి లేదు, ఒక్క ఎద్దు లేదు. ఈ చట్టంలో ప్రతిదానికీ చోటుంది. పత్తికి ఉంది, పల్లకీకి ఉంది, కుక్కకు కూడా ఉంది. స్టేషన్ నుంచి ఊళ్ళోకి సరుకు మోసే బండికి మాత్రం ఒక్క మాట లేదు. అడగాల్సిన బండ్లవాళ్ళు వద్దని మాత్రమే రాశారు. మాకేం కావాలో రాయలేదు. మీరు రాయండి. స్టేషన్ ముందర ఆటోలకు స్టాండు కావాలని, దాని కిరాయి ఇంతేనని ఇప్పుడే అర్జీలో రాయించుకోండి."

ఆటోల పెద్ద అక్కడే నిలబడి ఉన్నాడు.

"పెద్దమ్మా, బండ్లోళ్ళ ఇంట్లో పుట్టినావు గాబట్టి సెప్తాండావు. ఈళ్ళు సెప్తే ఇనేవాణ్ణి గాదు" అన్నాడు. "ఆ ముక్క నువ్వే రాయి. సేవ్రాలు మేం పెడతాం."

రాశాను. మండపంలోనే, అందరి ముందర, నా చేతి రాతతో. అధ్యక్షుడికి ఆ స్టాండు ముక్క అంతగా నచ్చలేదు. రైల్వే ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఈ పుస్తకం ఇంట్లోనే పెట్టి రమ్మన్నాడు. పుస్తకం వస్తేనే నేనూ వస్తానన్నాను. ఒప్పుకున్నాడు.

ఇంటికి ఆటోల పెద్దే దింపాడు. ఛార్జీ తీసుకోనన్నాడు.

"తీసుకో. కిరాయి సంగతిలో మా ఇంటివాళ్ళు గట్టివాళ్ళు" అన్నాను.

"అది ఇప్పుడే అందరికీ సదివి ఇనిపిచ్చినావు గదమ్మా!" అని నవ్వి తీసుకున్నాడు. చిల్లర పైసాతో సహా ఇచ్చాడు.

పులివెందులకు రైలు ఇంకా రాలేదు. వస్తుంది. ముత్తాత అర్జీ నకలు పక్కనే మా అర్జీ నకలు కూడా పుస్తకంలో పెట్టాను. మొదటి సంతకం నాది, రెండోది ఆటోల పెద్దది. అధ్యక్షుడిది మూడోది, అందుకు ఆయన ఇప్పటికీ నొచ్చుకుంటూ ఉంటాడు. ఈ ఏడు ఆయుధపూజకు జమ్మలమడుగు నుంచి నా స్నేహితురాలు వచ్చింది. గుడ్డ మీద కాకుండా అట్ట మీదే బొట్టు పెట్టాను. "కుట్టు ఎయ్యవా అక్కా?" అంది. వేయలేదు. ఎవరైనా అడిగితే తెరిచి చూపించాలి కదా.