పిల్లికి ఇల్లు వెదికిన పంకజమ్మగారు

మత్తిగిరి పంకజమ్మగారు ఇక లేరన్న మాట కిందటి నెలలో ఒక ఉదయం ఫోనులో విని, వంటింటి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందునాటి సాయంత్రమే వెళ్ళి మాట్లాడి వచ్చాను. ఆయాసం కొంచెం ఎక్కువగా ఉందనిపించిందే తప్ప, మృత్యువు అంత సమీపంలో ఉందని తోచలేదు. నిద్రలోనే పోయారట. అనాయాస మరణం పుణ్యాత్ములకే దక్కుతుందంటారు. ఆ మాట పోయినవారికి తగినదే కానీ, ఉన్నవాళ్ళకు ఓదార్పు కాలేకపోతోంది.

భర్త పశువుల ఫారంలో ఉద్యోగం చేసి గతించాక, ఆమె హోసూరు పక్కన మత్తిగిరిలోని సొంత ఇంట్లో ఒక్కరే ఉండేవారు. తొంభైల నడుమ మావారికి హోసూరు ఫ్యాక్టరీలో పని దొరికి, అనంతపురం నుంచి వచ్చి ఆమె పక్క వాటాలో అద్దెకు దిగాం; తరువాత వేరే వీధికి మారినా రాకపోకలు మానలేదు. అప్పటికే ఆమె పెరటిగదికి జాలీ కొట్టించి, రోడ్డు పక్కన దొరికిన పిల్లికూనలను సాకుతుండేవారు. క్రమంగా నేనూ, ఇంకో ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ చేయి కలిపాం. మాకు సంఘం లేదు, బోర్డు లేదు. గాయపడ్డవాటికి మందు వేయడం, కూనలకు పాలు పట్టడం, కోలుకున్నాక ఒక ఇల్లు వెదికి అప్పగించడం, అంతే మా వ్రతం. వీటిలో చివరిదే దుష్కరమని ఆమె సాహచర్యంలో గ్రహించాను.

ఒకసారి సూళగిరి నుంచి ఒక ధాన్యం వ్యాపారి కారులో వచ్చారు. పరువుగల మనిషి, మాట మెత్తన. తెల్లకూన ఒకటి ఆయనకు ఎంతో నచ్చింది. పంకజమ్మగారు కాఫీ ఇచ్చి, “ఇంట్లో ఎవురెవురు ఉండారప్పా?” అని మొదలుపెట్టారు. భార్యాపిల్లలూ, తల్లీ ఉన్నారన్నారాయన.

“మీ అమ్మకు పిల్లులంటే ఇష్టమేనా?”

“ఆమెకు సరిపడదమ్మా. అయినా మా ఇంట్లో నా మాటే మాట.”

“అట్లయితే వద్దులేప్పా. నువ్వు పొద్దస్తమానం అంగట్లో ఉంటావు. ఇంట్లో ఉండేది ఆయమ్మ. దినమంతా ఛీ అనిపించుకునే బతుకు దీనికెందుకు?”

ఆయన చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు. అంత మంచాయనను పంపించేశారేమని నేనడిగితే, “మంచోడే పాపా. పిల్లి ఉండబోయేది ఆయప్ప మంచితనంలో కాదు, ఆ ఇంట్లో” అన్నారు.

ఆమె అంచనా ఎన్నడూ తప్పలేదని రాస్తే, ఆమే ఒప్పుకోరు. కల్లావిలో ఒక రైతుకుటుంబం ఉంది. ఇంటిల్లిపాదికీ జీవాలంటే ప్రాణం. నిశ్చింతగా ఒక ఆడపిల్లిని ఇచ్చి వచ్చాం. కొన్నాళ్ళకే అది చచ్చిపోయిందని కబురు వచ్చింది. వడ్ల గదిలో ఎలుకలకు మందు పెట్టారు. మందు తిన్న ఎలుకను అది పట్టి తిన్నది. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. ఆ ఇంటి ఇల్లాలు మమ్మల్ని చూడగానే భోరుమంది. పంకజమ్మగారు ఆమెను దగ్గరికి తీసుకుని కూర్చున్నారు. తిరుగుదారిలో, కృష్ణగిరి బస్టాండులో హోసూరు బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, “వాళ్ళను అనేదేముంది? మందు పెడతారా అని నేను అడగలేదు. ప్రేమ ఉందా అని చూసినాను, ఆడికే నిలిచిపోయినాను” అన్నారు. ఆ తరువాత ఏ ఇంటికీ మూలమూలా చూడకుండా పిల్లిని ఇవ్వలేదు. బావికి మూత ఉందా, మిద్దెకు పిట్టగోడ ఉందా, ఎలుకలకు ఏం చేస్తారు అని అన్నీ విచారించేవారు. పెళ్ళిచూపులకు వచ్చినట్టుందని జనం నవ్వితే, తానూ నవ్వేవారు.

నల్గొండ వైపు నుంచి వచ్చి వేరే ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే యాదగిరి అనే అబ్బాయి, ఎవరూ తీసుకోని కుంటిపిల్లిని అడిగినప్పుడు మేమంతా వద్దన్నాం. ఒంటరివాడు, అద్దె గది, వేళకాని వేళల్లో డ్యూటీ. ఆమె మాత్రం అతన్ని కూర్చోబెట్టి, “రేపు నీ పని పోతే, ఊరు మారాల్సొస్తే, దీన్నేం చేస్తావప్పా?” అని అడిగారు. ఆ ప్రశ్నకు అందరూ, అట్లాంటిదేం జరగదులే అని తోసేస్తారు. యాదగిరి చాలాసేపు ఆలోచించాడు. “మీ తానకే తెచ్చిస్తనమ్మా. రోడ్డు మీద మాత్రం ఇడ్సిపెట్ట” అన్నాడు. వెంటనే వెళ్ళి గది చూసి, పిల్లిని అతని చేతిలో పెట్టారు.

కొన్నేళ్ళకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. యాదగిరి బుట్టలో పిల్లిని పెట్టుకుని వచ్చి, తల ఎత్తలేక గుమ్మంలో నిలబడ్డాడు. “నేను మాట తప్పిన, అమ్మా” అన్నాడు. “తప్పలేదప్పా, నిలుపుకున్నావు. పెంచుతామనేవాళ్ళు శానామంది. పెంచలేనప్పుడు తెచ్చిచ్చేవాళ్ళే కరువు” అంటూ ఆమె బుట్ట అందుకుని, అతనికి అన్నం పెట్టి పంపారు. ఆ కుంటిపిల్లి తన చివరిదాకా ఆమె ఇంట్లోనే ఉంది.

ఈ ఏడాది ఆరంభంలో మూడురంగుల కూన ఒకటి వచ్చింది. అది ఆమె ఒడి దిగేది కాదు. ఇక ఇది ఆమెదే అనుకున్నాం. ఇంతలో మత్తిగిరిలోనే బట్టలు కుట్టే ఒక యువతి వచ్చి కూన కావాలంది. పంకజమ్మగారు యథావిధిగా ప్రశ్నలన్నీ అడిగి, ఇల్లు చూసి వచ్చి, ఆ కూననే ఇస్తానన్నారు. నాకు మనసొప్పలేదు. “అది మీకు అలవాటైంది కదా పెద్దమ్మా, మీరే ఉంచుకోండి” అన్నాను.

“దాని ఆయుస్సుకు నా ఆయుస్సు చాలదు పాపా. నాలాంటి ముసిల్ది వచ్చి కూనను అడిగితే నేను ఇస్తానా? ఇయ్యను. మరి నాకు నేను ఎట్ల ఇచ్చుకునేది?”

బుట్ట గేటు దాటేవరకూ నవ్వుతూనే ఉన్నారు. ఆ తరువాత, చీరకు అంటిన వెంట్రుకలను దులుపుకోకుండా చాలాసేపు అలాగే కూర్చున్నారు. అంతటి కారుణ్యాన్ని అంతటి నిష్పాక్షికతతో ఏలిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

కర్మకాండ ముగిసిన ఆదివారం దంపతులిద్దరు కూన కోసం వచ్చారు. మేం ముగ్గురం వాళ్ళను కూర్చోబెట్టి, అడగవలసినవన్నీ అడిగాం. జవాబులన్నీ సక్రమంగానే ఉన్నాయి. కానీ సరే అనే ధైర్యం మాలో ఎవరికీ చాలలేదు. చివరికి, ఇల్లు చూసి చెబుతామని పంపించాం. ఆమె ప్రశ్నలు మాకు కంఠస్థమే. జవాబు వెనుక ఉన్న మనిషిని వినగలిగిన ఆ చెవిని మాత్రం ఆమె తనతోనే తీసుకుపోయారు. అమ్మా, నీ పాదాలకు మా నమస్సులు.