ఉన్న ఎత్తులో నిటారుగా

మా చెల్లి పోయిందన్న కబురు తెల్లవారుతూనే వచ్చింది. అప్పటికి నేను దేవుడి గదిలో జపానికి కూర్చుని ఉన్నాను. ఫోన్ చేసింది మరిదిగారే గాని, ఆయన దాన్ని పక్కకి ఇచ్చేశారు. పక్కనున్న చెల్లి శిష్యురాలు సత్యవతి అందుకుని, "పెద్దక్కగారండీ, టీచరుగారు వెళ్లిపోయేరండి" అంది. ముందురోజు సాయంత్రమే చూసి వచ్చాను. దీపం కొండెక్కకుండా మరికాస్త నూనె పోసి, కొత్తపేట నుంచి అంబాజీపేటకి బయల్దేరాను.

మా ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఆఖరిది. అంబాజీపేటలో ఒక షావుకారుగారి కొబ్బరి కొట్టులో, పొద్దున్నే లారీలు రాకముందు, ఆడవాళ్లకి యోగాసనాలు నేర్పేది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ కొట్టులోనే పనిచేసేవాళ్లు. రోజంతా వంగి కూర్చుని, లోపల నీళ్లు ఎండి కురిడీ అయిన కాయలు కొట్టి, చిప్ప ఊడదీసే పని. సత్యవతి వాళ్లలో ఒకతె. మొదటి రోజు ఆవిడ నడిచి వస్తుంటే, నేల మీద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు కనిపించింది.

చెల్లి ఈ విద్య మొదట చూసింది కువైట్‌లో. అక్కడ ఒక ముసలావిడని చూసుకునే పనిలో ఉండేది. ఆవిడ నడుముకి ఆసనాలు వేయించడానికి ఒక మలయాళీ ఆవిడ వచ్చేది. ఆ పక్కన నిలబడి చూసీ చూసీ, తిరిగొచ్చాక రాజమండ్రిలో పద్ధతిగా నేర్చుకుంది. "చూసి నేర్చుకున్నది చూపించడానికే పనికొస్తుందక్కా. ఇంకొకళ్ల ఒళ్లు మీద చెయ్యి వెయ్యాలంటే చదువుకోవాలి" అనేది.

తన మొదటి పాఠం గోడ. గోడకి వీపు ఆనించి నిలబడమనేది. మడమలు, పిరుదులు, భుజాల వెనకభాగం, తల ఆనాలి. బరువు బొటనవేలి కింద, చిటికెనవేలి కింద, మడమ మీద సమంగా పడాలి. ఇది తాడాసనం. "నించోడం కూడా నేర్పుతారేంటండీ, పుట్టిన ఏడాదికే నించున్నాం కదా" అని నవ్వారు వాళ్లు. గోడకి ఆనుకున్నాక నవ్వు ఆగిపోయింది. సగంమంది తలలు గోడని అందుకోలేదు.

"గెడ్డం పైకెత్తేసి తల ఆనించకు సత్యవతీ. అది దొంగలెక్క."

"మరి ఆనకపోతేనండీ?"

"ఆనకపోతే మధ్యలో తువ్వాలు మడత పెట్టుకో. రోజులు గడిచేకొద్దీ మడతలు తగ్గిద్దాం."

ఒక వానాకాలమంతా సత్యవతి తల వెనక తువ్వాలు ఉంది. ఆ తరవాత ఒక పొద్దున్న తువ్వాలు లేకుండా తల గోడని తాకింది. సున్నం గోడ మీద కొబ్బరినూనె మరక పడింది. చెల్లి దాన్ని చూసి చప్పట్లు కొట్టింది. అప్పటినుంచి చెల్లితో సహా అందరికీ అదే పిచ్చి. ఎవరి చోటు వాళ్లది, ఎవరి మరక వాళ్లది. నెలలు గడిచేకొద్దీ కొందరి మరకలు ఒక వేలు, రెండు వేళ్లు పైకి పాకాయి.

షావుకారుగారికి కోపం వచ్చింది.

"ఏంటమ్మా ఇది, గోడంతా తలకాయలే!"

"అవి మరకలు కాదండీ, మా పరీక్ష పేపర్లు."

"పరీక్ష మీది, గోడ నాది కదమ్మా."

"ఆయ్. అందుకే మార్కులు మీరూ చూసుకోవచ్చండి."

ఆయన నవ్వు ఆపుకోలేక, తనూ వెళ్లి గోడకి ఆనుకున్నారు. బొజ్జ ముందుకి, తల ఇంకా ముందుకి. ఆడవాళ్లందరూ మొహాలు తిప్పుకుని నవ్వారు. "సరే, మీరు నేర్పడం ఆపేసిన రోజున సున్నం కొట్టిస్తాను. అందాకా కానియ్యండి" అని వెళ్లిపోయారు.

నాకూ పాఠం తప్పలేదు. చిన్నప్పటినుంచీ నాకు పద్మాసనంలో కూర్చునే జపం. ఏడాదిగా కుడి మోకాలు లోపలివైపు సలుపుతున్నా మానలేదు. ఒకరోజు చెల్లి నా పక్కన కూర్చుని, జపం అయ్యేదాకా ఆగి, "దేవుడు నీ మోకాలు అడగలేదక్కా" అంది. కాలు తొంటి దగ్గర తిరగాలట. అక్కడ తిరగకపోతే ఆ మెలిక మోకాలి మీద పడుతుందట. దుప్పటి మడిచి పిరుదుల కింద పెట్టింది. మోకాళ్లు తొంటి కన్నా కిందికి దిగేలా, మామూలుగా కాళ్లు మడిపించింది. వీపు దానంతట అదే లేచింది. ఇంతకాలం ఇలా కూర్చుని దేవుణ్ణి పిలవలేదేమా అనుకున్నాను. పైకి మాత్రం "ఊఁ" అన్నాను. తను నవ్వింది. నా "ఊఁ" సంగతి తనకి తెలుసు.

ఎవరైనా తొందరపడితే కొట్టు అటక చూపించేది. "కాయని అటక మీద పెట్టి మన పని మనం చూసుకుంటే కురిడీ అవుతుంది. రోజూ దించి ఊపి చూస్తే అవుద్దేంటే?" ఇంకో మాట కూడా ఉండేది. "ఊపిరి బిగిసిందంటే ఒళ్లు వద్దంటున్నట్టు. వెనక్కి వచ్చెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు."

నేను గర్వపడిన రోజు గురించి చెప్పాలి. యోగా దినోత్సవానికి అమలాపురంలో ఒక హాల్లో ప్రదర్శన పెట్టి, చెల్లి వాళ్లని కూడా పిలిచారు. త్రికోణాసనం వెయ్యాలి. కాళ్లు ఎడంగా పెట్టి, ముందు మడమకి వెనక పాదం నడుమ సూటిగా ఉండేలా చూసుకుని, తొంటి దగ్గర వంగి, ఒక చెయ్యి కిందికి, ఒక చెయ్యి పైకి. కింది చెయ్యి నేలకి అందని వాళ్లు ఇటుక మీద ఆనించాలని చెల్లి పద్ధతి. అందరూ తమ పాతచీర ముక్కలతో ఇటుకలకి గలీబులు కుట్టుకున్నారు. ఇళ్లల్లో చెప్పుకున్నారు, పిల్లల్ని తీసుకొచ్చారు. స్టేజీ ఎక్కడం వాళ్లకి అదే మొదలు.

తెర వెనక నిర్వాహకుడు ఇటుకలు చూసి చేతులు అడ్డం పెట్టాడు.

"ఇవి తీసేయండమ్మా, ఫొటోలో బాగోదు. అందరూ నేల ముట్టాల్సిందే. లేదంటే వేరే బ్యాచి రెడీగా ఉంది."

"నేల ముట్టాలని నడుం మెలితిప్పితే ఛాతీ కిందికి వాలిపోద్దండి. ఆసనం పోద్ది, నడుమూ పోద్ది. ఫొటో సాయంత్రానికి పాతబడుద్ది, నడుం నొప్పి రేపు పనిలోకి వస్తుందండి" అంది చెల్లి.

తరవాత తన వాళ్ల వైపు తిరిగింది. "మీ ఇష్టం. ఇటుకలు లేకుండా వెళ్తానంటే నాకేం కోపం లేదు. తిరిగి వెళ్లిపోదామన్నా సరే."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇన్నేళ్లు తను నేర్పినదంతా ఆ నిమిషంలో ఉంది. నేల ముట్టి చూపించాలన్న ఆశ వాళ్లకి లేదని కాదు. హాల్లో పిల్లలు కూర్చుని ఉన్నారు.

సత్యవతి వంగి తన ఇటుక తీసుకుంది. దాని గలీబు దులిపింది. "ఫొటో బాగోకపోతే మాది తియ్యకండి బాబూ" అని స్టేజీ మీదికి నడిచింది. మిగతావాళ్లు వెనకాలే. నిర్వాహకుడు పక్కకి తప్పుకున్నాడు. రంగురంగుల ఇటుకల మీద చేతులు, పైకి లేచిన చేతులు, తెరుచుకున్న ఛాతీలు. ఒక్కరి మోకాలూ లోపలికి వాలలేదు, ఒక్కరి ఊపిరీ బిగియలేదు. హాల్లో ఎవరో పిల్ల "అది మా అమ్మే!" అని అరిచింది. చెల్లి తెర చాటున నిలబడి, చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయి చూసింది.

జబ్బు రెండేళ్ల తరవాత వచ్చింది. ఎముకల్లో. "యోగా నేర్పే ఆవిడకే ఇలా అయ్యిందేంటండీ" అని ఒకావిడ పరామర్శకొచ్చి మొహం మీదే అంది. చెల్లి నొచ్చుకోలేదు. "యోగా చేస్తే చావు రాదని నేనెప్పుడు చెప్పేనండీ? వచ్చేదాకా నిటారుగా ఉందామన్నాను, అంతే" అంది.

కుర్చీలో కూర్చునే క్లాసు చెప్పింది. చేత్తో సర్దడం మానేసి, నోటితో చెప్పి వాళ్లచేతే సర్దించింది. ఎవరెలా నిలబడ్డారో చూడమని సత్యవతిని మిగతావాళ్ల మధ్య తిప్పింది. ఆఖరిసారి కొట్టుకి వెళ్లిన రోజు నేనూ ఉన్నాను. జుట్టు పలచబడింది, అయినా తలకి నూనె రాయించుకుంది. నన్ను పట్టుకుని లేచి, గోడ దగ్గర తన చోటులో నిలబడింది. వెన్ను కుంగింది కదా, తల పాత మరకకి బాగా కింద ఆనింది. సత్యవతి చప్పున తన పైట చెంగుతో ఆ కొత్త మరక తుడవబోయింది.

"తుడవకే. ఉండనీ" అంది చెల్లి. "దిగింది. దిగితే సిగ్గేంటి? ఉన్న ఎత్తులో నిటారుగా ఉన్నానా లేదా, అది చూడు."

సత్యవతి పక్కకి వెళ్లి, చెవి, భుజం, తొంటి, మడమ ఒక వరసలో ఉన్నాయో లేదో చూసింది. చాలాసేపు చూసింది. "గెడ్డం కాస్త దించండి టీచరుగారూ" అంది.

చెల్లి దించింది. ఆ క్షణాన తన మొహంలో ఉన్న ఆనందం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు తన దుప్పట్లు తెచ్చుకుందామని పొద్దున్నే కొట్టుకి వెళ్లాను. గుమ్మంలో సున్నం బాల్చీ, కుంచె. షావుకారుగారు సున్నం వేసే మనిషితో నిలబడి ఉన్నారు. ఆయన అప్పట్లో అన్న మాట గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను. ఆయన నన్ను చూసి తల వంచుకుని, లోపలికి చూడమన్నట్టు చెయ్యి చూపించారు.

లోపల ఆడవాళ్లు గోడకి వీపులు ఆనించి నిలబడి ఉన్నారు. సత్యవతి వాళ్ల ముందు నడుస్తూ, "మడమలు... గెడ్డం దించు... ఊపిరి తీసుకో" అంటోంది.

"నేర్పడం ఆపలేదు కదమ్మా" అన్నారు షావుకారుగారు మెల్లగా. సున్నం మనిషి వైపు తిరిగి, "మూడు గోడలు కొట్టు చాలు" అన్నారు.

ఆడవాళ్లు తమ వరసలో ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలారు. అక్కడ రెండు మరకలున్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. తలుపులోంచి వచ్చిన ఎండ వాటి మీద పడింది. పైది ఎప్పుడో ఆరిపోయింది. కిందది ఇంకా నూనెతో మెరుస్తోంది.