నాయనమ్మ అలికిన కరెంటు పొయ్యి

గాజు మీద పాలు మాడిన వాసన వేరు. గిన్నె అడుగున మాడితే ఆ కమురు వంటింటితో పోతుంది. ఈ నల్లటి గాజు పొయ్యి మీద ఒక్క చుక్క ఒలికినా వెంట్రుకలు కాలుతున్నట్టు ఇల్లంతా పాకుతుంది. నిన్న పొద్దున అదే జరిగింది. మా అమ్మాయి పోయిన ఏడు నరసరావుపేటలోని మా ఇంటికొచ్చి, ఈ పొయ్యి బిగించి, దాన్నెలా చూసుకోవాలో కాగితం తీసి చదివి వినిపించి వెళ్ళింది. గిన్నెను ఈడ్చకూడదు, ఎత్తి పెట్టాలి. పంచదార పాకం ఒలికితే గట్టిపడక ముందే గీకేయాలి, మిగతా మరకలన్నీ చల్లారాక పలుచటి బ్లేడుతో ఏటవాలుగా గీకాలి. వేడి ఉందని చెప్పే ఎర్ర దీపం ఆరేదాకా చెయ్యి వెయ్యకూడదు. అన్నీ పాటిస్తాను. పాటించి, ఆపైన గోడ మీది స్విచ్చి ఆపి, హాల్లోకి వచ్చి, మళ్ళీ వెళ్ళి ఆపానో లేదో చూసి, తడిగుడ్డ పట్టుకుని తుడవడానికి చేతులు రాక నిలబడిపోతాను. మా ఆయన చూసి నవ్వుతారు. గాజు కింద దాక్కున్న కరెంటుకు ఇంత భయమేమిటని ఆయన వాదన. ఆయనకు సంగతి తెలియదు, నేనెప్పుడూ చెప్పలేదు.

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, మేము గురజాలలో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి కోర్టులో గుమాస్తా. మా అద్దె ఇంట్లో నేలకూ నాపరాళ్ళే, అరుగుకూ నాపరాళ్ళే, పెరటి గోడకూ నాపరాళ్ళే. శివరాత్రి వెళ్ళిందంటే అవన్నీ పెనాల్లా కాగేవి. అయినా రెంటచింతల నుంచి వచ్చిన చుట్టాలు మా అరుగు మీద కూర్చుని "ఇక్కడ నయం, చల్లగా ఉంది" అనేవాళ్ళు. వంటింట్లో మట్టిపొయ్యి. పంట కోతలయ్యాక మా ఊరి నుంచి బండి మీద పత్తికట్టె, మిరపకట్టె వచ్చేవి. పత్తికట్టె భగ్గున మండి ఊరుకుంటుంది. మిరపకట్టె పొగ అలా కాదు, ముందు కళ్ళలోకి, తర్వాత గొంతులోకి, ఆ తర్వాత దండెం మీది బట్టల్లోకి దూరి, నాతో పాటు బడికి కూడా వచ్చి నా జడల్లో కూర్చునేది. వీధిలో అందరిళ్ళలోనూ అదే పొగ కనుక ఎవరికీ పట్టేది కాదు. మా అమ్మకు మాత్రం ఉబ్బసం. పొద్దున్నే పొయ్యి రాజేసిన కాసేపటికి దగ్గు మొదలై, గోడకు చెయ్యి ఆనించి వంగిపోయి, ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడయ్యేది. పళ్ళపొడి వేలు నోట్లోనే ఉంచుకుని ఆ ఈల ఆగేదాకా నేను పెరట్లో కదలకుండా నిలబడేదాన్ని. ఏదో ఒకరోజు ఈలతో పాటు అమ్మ కూడా ఆగిపోతుందని నా భయం.

నరసరావుపేట డాక్టరు, మందుల సంగతి తర్వాత, ముందు పొగ మానిపించమన్నాడట. గ్యాసుకు పేరు రాయించి ఏళ్ళు గడుస్తున్నా పిలుపు రాలేదు. చివరికి నాన్న ఒక శనివారం కోర్టు నుంచి వస్తూ కరెంటు పొయ్యి పట్టుకొచ్చారు. మూడు కాళ్ళ ఇనుప చట్రంలో తెల్లటి పింగాణీ బిళ్ళ, బిళ్ళ మీద చుట్లు తిరిగిన గాడి, గాడిలో మెలికల తీగ. స్విచ్చి వేస్తే ఆ తీగ మెల్లగా రంగు మారి దానిమ్మ గింజంత ఎర్రబడేది. వీధి చివర మోటార్లు బాగుచేసే మస్తాన్ బాబాయి వచ్చి ప్లగ్గు బిగించి, మా అందరినీ వరసగా నిలబెట్టి చెప్పాడు.

"వొదినా, చెక్కపీట మీద నిలబడే వొండు. గిన్నె దించే ముందు స్విచ్చి ఆపు. దీనికి తడి మాత్రం చూపించబాకండి. తడి తగిలిందా, మనిషిని పట్టేసుద్ది."

ఆ పూట నాకు అన్నం సయించలేదు. నాయనమ్మ మాత్రం ఆ మాటలేవీ చెవిన పెట్టకుండా ఇత్తడి గిన్నెలో పాలు తెచ్చింది. కొత్త పొయ్యి మీద పాలు పొంగాలి, పొంగి తూర్పుకు ఒలకాలి, లేకపోతే ఆ పొయ్యి మీద వండింది ఒంటికి పట్టదు. మస్తాన్ బాబాయి "పెద్దమ్మా, ఒలకనీబాక" అంటూ చెయ్యి చాపేలోగా పాలు నురగతో లేచి తీగ మీద పడ్డాయి. ఠప్పుమని బిళ్ళ పగిలి, తీగ తెగి, ఫ్యూజు పోయింది. నాన్న తల పట్టుకున్నారు. నాయనమ్మ చీకటి వంటింట్లో వంగి చూసి "తూర్పుకే పొంగినయి" అంది తృప్తిగా. మస్తాన్ బాబాయికి నవ్వాగక, మర్నాడు కొత్త బిళ్ళ, కొత్త తీగ వేసిపెట్టాడు.

పొయ్యి నిలదొక్కుకున్నాక వారం తిరక్కుండానే అమ్మ ఈల ఆగింది. అది ఆగిందని తెలుసుకోవడానికి నాకు ఇంకో వారం పట్టింది, పొద్దున్నే నిద్రలేచి వంటింటి వైపు చెవి పెట్టి, ఇంకా రాలేదేమిటని కంగారుపడటం అలవాటైపోయింది మరి. అమ్మ వంటింట్లో కూనిరాగం తీస్తుంటే మొదటిసారి విన్నాను. సాయంత్రాలు మాకు శనగ గుగ్గిళ్ళు, అలసంద వడలు వచ్చాయి. కళ్ళు మండకపోతే వండేవాళ్ళకు కూడా ఆకలి వేస్తుందని అమ్మ అనేది. దిబ్బరొట్టె మాత్రం దాని మీద కుదరలేదు. నిప్పుల సెగ లేనిదే రొట్టె కాలదని నాయనమ్మ ఆ లోపాన్ని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

అసలు చిక్కు అలకడం దగ్గర వచ్చింది. యాభై ఏళ్ళుగా నాయనమ్మ పొద్దున లేవగానే పొయ్యి బూడిదెత్తి, ఎర్రమన్నుతో అలికి, ముగ్గు గీతలు గీసి గానీ నిప్పు వేయనిచ్చేది కాదు. "అలకని పొయ్యి చావింటి పొయ్యే. నేను బతికుండగా నా ఇంట్లో వొద్దు" అని పట్టుబట్టింది. అలకడానికి కరెంటు పొయ్యికి మన్ను పనికిరాదు కనుక తడిగుడ్డ పట్టింది. నాన్న అరిచారు, అమ్మ బతిమాలింది, కుక్కతోక వంకర అన్నట్టు మర్నాడు మళ్ళీ తడిగుడ్డే. ఆఖరికి మస్తాన్ బాబాయే రాజీ కుదిర్చాడు. ప్లగ్గు ఊడబీకి, దాన్ని నాయనమ్మ కళ్ళకు చూపించాకే ఆమె తుడవాలి, తుడిచాక పొయ్యి అరుగు మీద ఎండలో ఆరాలి. చూపించే పని నాకు పడింది. నాకప్పుడు పదేళ్ళు.

"అమ్మడూ, ఊడబీకావంటే?"

"ఊడబీకా నాయనమ్మా, ఇదిగో."

రోజూ ఇదే మాట, ఇదే జవాబు. కరెంటు పోయినా వెంటనే ప్లగ్గు ఊడబీకడం నా పనే, ఎప్పుడొస్తుందో తెలియదు కనుక. ఇంత చిన్న పనికి నేను ఎంత నలిగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది. ఎక్కాలు చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి, పొద్దున ప్లగ్గు చేతిలోకి తీసుకున్న గుర్తు ఉందా లేదా అని వెతుక్కునేదాన్ని. అది ఈరోజుదో నిన్నటిదో తేలక, ఇంటర్వెల్లు గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తి, అరుగు మీద తమలపాకులు నములుతున్న నాయనమ్మను చూసి, ఏమీ చెప్పకుండా మళ్ళీ బడికి పరుగెత్తేదాన్ని. ఆమె "దీనికేదో గాలి సోకింది" అని నాకు దిష్టి తీసేది.

ఉగాది ముందురోజు. ఇల్లంతా కడిగి, గడపలకు పసుపు రాసి, మామిడాకులు ఇంకా కట్టకుండా బుట్టలో ఉంచారు. బొబ్బట్లకు శనగపప్పు ఉడుకుతుంటే కరెంటు పోయింది. అమ్మ బిందె తీసుకుని వీధి పంపుకు వెళ్ళింది. నేను అరుగు మీద పక్కింటి పిల్లతో వామనగుంటలు ఆడుతున్నాను. నా చేతిలో చింతగింజలున్నాయి, ఇంకో గుంట తిరిగితే ఆట నాదే. లోపలి నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"అమ్మడూ, పప్పు ఉడికింది, దించేశా. పండగ పొయ్యి తుడవాల. ఊడబీకావంటే?"

"ఆఁ, ఊడబీకా" అన్నాను.

లేవలేదు. కరెంటే లేనప్పుడు ప్లగ్గు ఎక్కడుంటే ఏమిటని ఆ క్షణాన అనిపించింది. ఎదురింటి రేడియో ఒక్కసారిగా గుర్రుమని మోగేసరికి నా చేతిలో గింజలు కింద పడిపోయాయి. లోపలికి ఎలా వెళ్ళానో తెలియదు. నాయనమ్మ గోడవారన పడి ఉంది. తడిగుడ్డ తీగ మీద పొగలు కక్కుతోంది. ఎగిరి స్విచ్చి ఆపి, ప్లగ్గు లాగేశాను. నాయనమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచేతి రెండు వేళ్ళు నల్లగా కమిలి, నోట మాట రావడం లేదు. నేను ఆమెను చంపేశాననే అనుకున్నాను.

అమ్మ బిందె గుమ్మంలో వదిలేసి వచ్చింది. కాసేపటికి నాయనమ్మ మంచినీళ్ళు తాగి, మూలుగుతూ లేచి కూర్చుంది.

"ప్లగ్గు ఊడబీకలేదా?" అని అడిగింది అమ్మ, నా వైపు చూస్తూ.

నాయనమ్మ కూడా నా వైపే చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"పిల్ల ఊడబీకింది. నేనే మళ్ళా పెట్టా, ఎర్రగా అవుద్దో లేదో చూద్దామని. ముసలిదాన్ని, మర్చిపోయా."

అమ్మ గుమ్మంలో వదిలేసిన బిందెను నేను లోపలికి తెచ్చిపెట్టాను.

సాయంత్రం నాన్న వచ్చి, నాయనమ్మ చేతికి కట్టిన కట్టు చూసి, ఒక్క కేక కూడా వేయలేదు. అదే ఎక్కువ భయం వేసింది. తలుపు వెనక నుంచి విన్నాను.

"ఎర్రటి పొయ్యి మీద తడిగుడ్డ పెట్టే మనిషిని కాపలా ఎట్టా కాసేది? ఉంటే ఆ పొయ్యన్నా ఉండాల, అమ్మన్నా ఉండాల" అన్నారు నాన్న.

"పొయ్యే తీసెయ్యండి. పెద్దామెను ఏం చేసుకుంటాం" అంది అమ్మ.

ఒక్క మాట చాలు. ప్లగ్గు నేను తీయలేదని చెబితే నాలుగు దెబ్బలు పడేవి, పొయ్యి మాత్రం ఇంట్లో ఉండేది. గడప దాకా వచ్చి, నాన్న బెల్టు కేసి చూసి వెనక్కి తిరిగాను. మర్నాడు మస్తాన్ బాబాయి పొయ్యిని తీసుకుపోయాడు. ఉగాది బొబ్బట్లు మట్టిపొయ్యి మీదే కాలాయి. మిరపకట్టె పొగలో అమ్మ గోడకు చెయ్యి ఆనించి వంగింది. నాయనమ్మ కట్టు కట్టిన చేత్తో ఆమె వీపు రాస్తూ నా వైపు చూడకుండా కూర్చుంది. ఇంత దూరం వస్తుందని పాపం ఆమె కూడా అనుకోలేదు. గ్యాసు వచ్చేదాకా మరో నాలుగేళ్ళు ఆ ఈల నడిచింది. నాయనమ్మ గ్యాసు చూడకుండానే పోయింది.

రెండేళ్ళ క్రితం గుంటూరు ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు అమ్మను, కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్ళు వండావని అడిగాడు. అమ్మ మాట మాటకూ ఆగుతూ, "మజ్జెలో మానేశానయ్యా. మా అత్త మూలాన కరెంటు పొయ్యి తీసేశాం. ఇంకో నాలుగేళ్ళు తప్పలా" అంది. మంచం తలవైపు నేను నిలబడి ఉన్నాను. యాభై దాటిన దాన్ని, కొట్టే నాన్న లేరు, అయినా నోరు పెగల్లేదు. డాక్టరు రాసుకుని వెళ్ళిపోయాడు. పది రోజులకు అమ్మ పోయింది, నాయనమ్మ మీద ఆ నింద అలాగే ఉంచుకుని.

ఇప్పుడు ఈ వీధిలో ఏ ఇంటి నుంచీ పొగ రాదు. మిరపకట్టెను చేలోనే తగలబెట్టేస్తున్నారట. పొయ్యి అలకడమంటే ఏమిటో మా అమ్మాయికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఎర్ర దీపం ఆరిందో లేదో మరోసారి చూసి, నిన్నటి పాల మరకను బ్లేడుతో గీకుతున్నాను. ప్లగ్గు నేను ఊడబీకలేదు నాయనమ్మా, అది నా పనే అమ్మా అని ఈ వంటింట్లో పైకే అంటున్నాను. వినాల్సిన ఇద్దరూ లేరు.